పెళ్లిరోజు కానుకగా వచ్చిన రివాల్వర్ చేతికి పడటం లేదు, తప్పు నాదేనా?

డాలస్ దగ్గర ఉండే ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. మూడు పేజీలు రాశారు. ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆవిడకు 41 ఏళ్లు, సొంతూరు నరసరావుపేట వైపు. గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్లయింది, ఆయన సిటిజన్. ఎనిమిదేళ్ల బాబు. పోయినేడు ఆఫీసువాళ్లతో కలిసి సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లారట. అక్కడ ఎవరో సన్నటి చిన్న తూటాలు వేసే .22 పిస్టల్ చేతిలో పెడితే యాభై తూటాలు కాల్చారు, చివరికొచ్చేసరికి కాగితం మీద చిల్లులన్నీ ఒకేచోట పడ్డాయి. "ఆ అరగంట నా బుర్రలో ఇల్లు లేదు, ఆఫీసు లేదు అక్కా" అని రాశారు. ఆ ముచ్చట ఇంట్లో చెబితే ఆయన సంబరపడిపోయి పెళ్లిరోజుకి చిన్న రివాల్వర్ కొనిచ్చారు. .38 స్పెషల్ అనే రకం తూటాలు ఐదు పడతాయి, అల్యూమినియం ఫ్రేము, హ్యాండ్‌బ్యాగులో ఇమిడిపోతుంది. "లేడీస్‌కి ఇదే బెస్ట్" అన్నాడట షాపతను. ఇప్పటికి నాలుగుసార్లు రేంజ్‌కి తీసుకెళ్లారు. మొదటి ఐదు తూటాలకే బొటనవేలి మొదట్లో నొప్పి, తర్వాతి ఐదింటికి పేలకముందే కళ్లు మూసుకుపోవడం, 7 గజాల దూరంలో ఉన్న కాగితానికి సగం తగలకపోవడం. ఆయనేమో ప్రాక్టీస్ చేస్తే అదే అలవాటవుతుంది అంటున్నారు. హెచ్-1బి మీద ఉన్న మరిది "వదినా, వాడకపోతే నాకిచ్చెయ్" అంటున్నాడు. ఈవిడకేమో శనివారం వస్తుందంటేనే టెన్షన్. "నాకు గన్ పడదా, ఈ గన్ నాకు పడదా? అమ్మేద్దామంటే ఆయన నొచ్చుకుంటారు. పైగా దసరాకి బొట్టుపెట్టి పూజ కూడా చేశాం" అని ఆపారు.

అమ్మా, మీ రివాల్వర్‌లో లోపం లేదు, మీ చేతిలోనూ లేదు. ఆ రెండింటినీ కలిపిన షాపతని సలహా మాత్రం నాకు నచ్చలేదు. ఆడమనిషి చెయ్యి చిన్నది కాబట్టి చిన్న గన్ అన్నది వినడానికి బాగానే ఉంటుంది, గౌను కొలతలాగా. తుపాకీ లెక్క దానికి తిరగేసి ఉంటుంది.

మీ దగ్గరున్న రకం రివాల్వర్లు ఖాళీగా ఉన్నప్పుడు 425 గ్రాముల దగ్గర్లో తూగుతాయి, అర కిలో పంచదార ప్యాకెట్ కన్నా తక్కువ. అదే .38 తూటాను కిలో బరువున్న స్టీలు రివాల్వర్‌లో పేల్చండి, వెనక్కి తన్నే తన్నులో చాలా భాగాన్ని ఆ ఇనుమే మింగేస్తుంది. మీదాంట్లో మింగడానికి ఏమీ లేదు, మొత్తం మీ బొటనవేలి మొదట్లోకే వచ్చేస్తుంది. ఇక ట్రిగ్గర్. ఇలాంటి వాటిలో సుత్తిని వెనక్కి లాగి వదిలే పని కూడా ఆ ఒక్క లాగుడులోనే జరగాలి, అందుకే దాని బిగువు 12 పౌండ్ల దాకా ఉంటుంది, అంటే సుమారు ఐదున్నర కిలోలు. అరకిలో కూడా లేని వస్తువును కదలకుండా పట్టుకుని, దాని మీదే ఐదున్నర కిలోల లాగుడు చూపుడువేలితో లాగాలి, మధ్యలో ముందున్న గురి మొన అటూ ఇటూ జరగకూడదు. దానికి తోడు బ్యారెల్, అంటే తూటా బయటికొచ్చే గొట్టం, రెండంగుళాలు కూడా ఉండదు, గురి చూసే గాడికీ మొనకీ మధ్య ఎడం మరీ తక్కువ, ఇక్కడ వెంట్రుకవాసి తేడా కాగితం దగ్గరికెళ్లేసరికి బెత్తెడవుతుంది. ఏళ్ల తరబడి కాల్చినవాళ్లు కూడా దీన్ని కష్టమైన గన్ అంటారు. అది రోజంతా జేబులోనో నడుముకో పెట్టుకుని తిరిగేవాళ్ల కోసం చేసింది. తేలిక అనే ఒక్క సుఖం కోసం మిగతావన్నీ వదులుకుని తయారైన వస్తువు. వారం వారం కూర్చుని యాభై, వంద తూటాలు కాల్చి ఆనందించడానికి దాన్ని ఎవరూ గీయలేదు.

నేను కూడా ఇలాగే దెబ్బతిన్నాను లెండి, కాకపోతే అవతలి వైపు. ఇరవై ఏళ్ల కిందట మొదటిసారి కొన్నది లావు పిడి ఉన్న 9 ఎంఎం పిస్టల్. చూడ్డానికి ఠీవిగా ఉందని కొన్నా. చూపుడువేలు ట్రిగ్గర్ మీదకి సరిగ్గా అందేది కాదు, అందుకని పిడిని అరచేతిలో కొంచెం పక్కకి తిప్పి పట్టుకునేదాన్ని, ప్రతి తూటా ఎడమపక్కకి కిందకి పోయేది. ఏడాదిపాటు నాకు చూపు లోపమనుకుని కళ్లద్దాలు మార్చుకున్నాను. చివరికి రేంజ్‌లో ఒక పెద్దాయన నా చేతివైపు చూసి, "ఇది నీ చేతికి ఒక నంబరు పెద్ద" అని తేల్చేశాడు.

సరే, ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు కనబడిన అసలు చిక్కు. మూడు పేజీల్లో మీరు ఒక్కసారి కూడా దొంగలనో భయమనో రాయలేదు. మీరు రాసిందంతా ఆ అరగంట గురించి, చిల్లులన్నీ ఒకచోట పడటం గురించి. మీకు గురి పెట్టడం ఇష్టం. మీ ఆయన చెవిన పడింది మాత్రం "నాకు గన్ కావాలి" అని. ఆయన మనసులో, తను ఊళ్లో లేనప్పుడు మీరూ బాబూ ఒంటరిగా ఉంటారన్న ఆలోచన కూడా ఉండి ఉండొచ్చు, మగవాళ్లు అలాంటివి బయటికి చెప్పకుండా వస్తువు కొనేస్తారు. రెండు కోరికలూ మంచివే, రెండింటికీ కలిపి ఒకే గన్ వచ్చింది, అదీ ఆయన కోరిక కొలతకి. అందుకే ముందు ఇద్దరూ కూర్చుని దేనికోసం అన్నది మాట్లాడుకోండి, ఏది కొనాలి అన్నది ఆ తర్వాత.

ఈలోగా ఒక పరీక్ష. ఈసారి రేంజ్‌కి వెళ్లినప్పుడు సిలిండర్‌లో, అదే తూటాలు పట్టే గుండ్రటి తిరిగే భాగంలో, తూటాలు మీ ఆయన్ని పెట్టమనండి, మూడు పెట్టి రెండు గదులు ఖాళీగా వదిలి, మీకు కనబడకుండా తిప్పి మూసి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి మీ ముందు బల్ల మీద పెట్టాలి. మీరు మామూలుగానే కాల్చండి. ఖాళీ గది వచ్చినప్పుడు టిక్ మంటుంది, పేలదు. ఆ క్షణంలో గొట్టం మొన ఎటు పోయిందో చూడండి. కిందకి చటుక్కున పడితే, తన్నుతుందని ముందే ఊహించి మీ మణికట్టు దాన్ని అణచడానికి పోతోందన్నమాట. కాగితానికి తగలకపోవడానికి కారణం అదే. మీలాగా రెండో ఐదింటికే కళ్లు మూసుకుపోయేవాళ్లకి ఇది ఉండే ఉంటుంది. "ఇంకా ప్రాక్టీస్ చెయ్యి" అన్న మాటతో నాకున్న పేచీ ఇదే, నొప్పి పెడుతున్న గన్‌తో ప్రాక్టీస్ చేస్తే చెయ్యి నేర్చుకునేది ఆ ఉలికిపాటునే, నెలనెలకీ అది ముదురుతుంది.

సగం ఉలికిపాటు చెవిలోంచి వస్తుందని కూడా గుర్తుపెట్టుకోండి. పొట్టి బ్యారెల్ మోత ఎక్కువ, నాలుగ్గోడల మధ్య రేంజ్‌లో అయితే చెప్పక్కర్లేదు. చెవిలో ఫోమ్ బిరడాలు పెట్టుకుని, వాటి మీద చెవులు కప్పే మఫ్ కూడా వేసుకోండి. బిరడాల ఖర్చు ఒకటి రెండు డాలర్లు. కళ్ల సంగతి మీరు రాయలేదు గానీ నలభై దాటాక చాలామందికి చెయ్యి చాచినంత దూరంలో ఉన్న గురి మొన అలుక్కుపోయినట్టు కనబడటం మొదలవుతుంది. ఫోనులో అక్షరాలు దూరం పెట్టి చదువుతున్నారా? అయితే కళ్ల డాక్టరుతో "చెయ్యి చాచిన దూరానికి" అని చెప్పి ఒక జత అద్దాలు అడగండి.

ఇక మీ ముందున్న దారులు. ఏది పట్టుకున్నా ఒక లాభం, ఒక తంటా ఉన్నాయి.

కానుకను ఉంచుకుని దానితోనే సర్దుకుపోవచ్చు. మీ రివాల్వర్‌కి ఇప్పుడున్న పిడి పొట్టిది అయి ఉంటుంది, చిటికెనవేలు కింద గాల్లో వేలాడుతోందా లేదా చూసుకోండి. వేలాడుతుంటే మూడు వేళ్లూ పట్టే పెద్ద రబ్బరు పిడి తీసుకుని బిగించండి, స్క్రూడ్రైవర్ పని, ఐదు నిమిషాలు. తూటాల పెట్టె మీద ప్లస్ పి అని ఉంటే అవి పక్కన పెట్టేయండి, అవి మామూలు వాటికన్నా ఘాటైనవి. టార్గెట్ కోసమే చేసే 148 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) వాడ్‌కట్టర్ అని ఒక రకం ఉంది, మొన బల్లపరుపుగా ఉంటుంది, మెల్లగా వెళ్తుంది, కాగితానికి గుండ్రంగా పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు చిల్లు వేస్తుంది. ఈ రెండిటితో నొప్పి బాగానే తగ్గుతుంది, ఆయన ముచ్చటా తీరుతుంది. కానీ ఆ బరువైన ట్రిగ్గరూ పొట్టి బ్యారెలూ అలాగే ఉంటాయి. పదిహేను ఇరవై తూటాలు కాల్చి చాలనుకునే మనిషైతే ఇది సరిపోతుంది. మీరు వర్ణించిన ఆ అరగంట మాత్రం దీంతో దొరకడం కష్టం, పైగా .38 తూటాలు సాధారణంగా 9 ఎంఎం కన్నా ఖరీదు, .22తో అయితే పోలికే లేదు.

లేదంటే రివాల్వర్‌ను ఇంటి గన్‌గా ఆయనకే వదిలేసి, మీకోసం ఒక .22 టార్గెట్ పిస్టల్ కొనుక్కోవచ్చు. రూగర్ మార్క్ ఫోర్, బ్రౌనింగ్ బక్ మార్క్, స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ, వీటిలో ఏదో ఒకటే ఆ రోజు మీ చేతికొచ్చి ఉంటుందని నా ఊహ. ఇవి చాలా మోడళ్లలో కిలోకి అటూ ఇటూ తూగుతాయి, బ్యారెల్ పొడుగు, ట్రిగ్గర్ తేలిక, తన్ను లేనట్టే. రూగర్ ఈ తరహా పిస్టల్‌ను 1949 నుంచి మెరుగులు దిద్దుకుంటూ చేస్తోంది. .22 అంటే పిల్లల బొమ్మ కదా అని మీ ఆయన అన్నారని రాశారు, ఆయనకి మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పేరు చెప్పండి. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో టీముతో స్వర్ణం, విడిగా రజతం తెచ్చింది, ఆ పోటీలో వాడేది .22 తూటానే. దీని తంటాలు కూడా చెబుతాను. .22 తూటా అప్పుడప్పుడు పేలకుండా మొరాయిస్తుంది, అలా అయితే గొట్టం టార్గెట్ వైపే ఉంచి ముప్ఫై సెకన్లు ఆగి అప్పుడు తియ్యాలి. ఇంటి రక్షణకి దీన్ని ఎంచుకోమని ఎవరూ చెప్పరు. ఇంట్లో తాళం వేసి ఉంచాల్సిన గన్లు రెండవుతాయి.

మూడోది, ఉన్నదాన్ని షాపులో ఇచ్చేసి మధ్యరకం 9 ఎంఎం తీసుకోవడం. గ్లాక్ 19 లాంటిది ఖాళీగా 670 గ్రాముల చిల్లర ఉంటుంది, మీ రివాల్వర్‌కి ఒకటిన్నర రెట్లు. ట్రిగ్గర్ బిగువు సగం. ఆయన కోరికా మీ కోరికా కొంత కొంత తీరతాయి. ఒకసారి గడప దాటిన గన్ వాడిన సరుకే, కొన్న ధర రాదు, అది ముందే అనుకోండి. ఇంకోటి, పై భాగాన్ని వెనక్కి లాగి వదలాలి, దాన్నే స్లైడ్ అంటారు, అది కొత్తలో చాలామంది ఆడవాళ్లకి గట్టిగా అనిపిస్తుంది. రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకుని లాగడం వల్ల వచ్చే ఇబ్బంది అది. ఎడమచేత్తో మొత్తం అరచెయ్యి వేసి పైన పట్టుకుని, కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్యండి, తేడా మీకే తెలుస్తుంది. అప్పటికీ కష్టమైతే షీల్డ్ ఈజీ అని స్లైడ్ మెత్తగా ఉండే రకం ఒకటుంది. రివాల్వర్ అలవాటుతో బొటనవేలిని స్లైడ్ వెనక అడ్డంగా పెట్టకండి, తోలు లేచిపోతుంది. ఏది తీసుకున్నా ఉలికిపాటు మాత్రం మీతోపాటే కొత్త గన్‌లోకి వస్తుంది, దాన్ని వదిలించుకోవడానికి ఎలాగూ కొన్ని వారాలు .22 అద్దెకి తీసుకుని కాల్చాల్సిందే.

నాలుగోది అసలేదీ కొనకపోవడం. రేంజ్‌లో అద్దెకి దొరుకుతాయి, తూటాలు వాళ్ల దగ్గరే కొనాలంటారు, అవి బయటికన్నా ప్రియం. నెలకి ఒకసారి వెళ్లే మనిషికి లెక్క దీనివైపే మొగ్గుతుంది, ఎనిమిదేళ్ల పిల్లాడున్న ఇంట్లో గన్ లేకపోవడం చిన్న సుఖం కాదు. వారం వారం వెళ్తానంటే మాత్రం ఆరేడు నెలల్లో ఒక .22 ఖరీదు అద్దెకే పోతుంది.

షాపులో ఏదైనా చేతిలోకి తీసుకున్నప్పుడు చూసుకోవాల్సింది ఇది. ఖాళీదని మీ కళ్లతో చూశాక, గోడవైపు చూపిస్తూ, పిడి వెనక భాగం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లోయలో సరిగ్గా కూర్చునేలా పట్టుకోండి. గొట్టం, మీ ముంజేయి ఒకే గీతలో ఉన్నాయా? అలా ఉండగానే చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనుతోందా? అందడం కోసం పట్టు తిప్పాల్సి వస్తే అది మీది కాదు, రంగు ఎంత బాగున్నా సరే. ఆ తర్వాత కళ్లు మూసుకుని చేతులు చాచి, తెరవండి. గురి మొన గాడి మధ్యలోనో దాని దగ్గర్లోనో ఉంటే పిడి వాలు మీ మణికట్టుకి సరిపోయినట్టే. అమ్మేవాడు వెనకనుంచి ఏదో చెబుతూనే ఉంటాడు, చెప్పనివ్వండి.

మరిది సంగతి. ఇందులో దారులు లేవమ్మా, ఇవ్వకూడదు. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది, మనవాళ్లు కొందరు రేంజ్‌కి వెళ్లడానికి ఆ లైసెన్స్ తీసుకోవడం చూశాను. తెలిసి తెలిసి ఇచ్చినవాళ్లది కూడా నేరమే అవుతుంది. ఇంట్లోవాళ్లమే కదా, నోటిమాట మీద ఇచ్చాం కదా అంటే కుదరదు, మీ గ్రీన్ కార్డు మీదకీ అతని వీసా మీదకీ వస్తుంది. "చట్టం ఒప్పుకోదయ్యా, నీకే నష్టం" అని నేరుగా చెప్పెయ్యండి, నొచ్చుకుంటే రెండు రోజులు నొచ్చుకుంటాడు. అమ్మదలిస్తే లైసెన్స్ ఉన్న డీలర్‌కే అమ్మండి, ఎవరికి వెళ్లిందో మీరు ఆలోచించాల్సిన పని ఉండదు.

మీ ఆయనతో మాట్లాడటానికి నాకు తోచింది ఒకటి. శనివారం ఇద్దరూ కలిసి వెళ్లి, మీ రివాల్వర్‌తో పాటు ఒక .22, ఒక 9 ఎంఎం అద్దెకి తీసుకోండి. ఒక్కోదానికి కొత్త కాగితం, 7 గజాలు, ఐదు తూటాలు, ముందు మీరు, తర్వాత ఆయన. ఆయన కొన్న రివాల్వర్‌తో ఆయన ఎన్ని తూటాలు కాల్చారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, నాకెందుకో సున్నా అనే అనుమానం. ఆ ఐదూ కాల్చి అరచెయ్యి రుద్దుకున్నాక "ప్రాక్టీస్ చెయ్యి" అనే మాట ఆయన నోట రావడం కష్టం. ఆరు కాగితాలూ ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిస్తే, మీ బహుమతి నాకు నచ్చలేదు అన్న మాట మీరు అనాల్సిన పనే ఉండదు. మీకు గన్ కొనివ్వాలన్న ఆలోచన నాకెంత నచ్చిందో తెలుసా, ఇప్పుడు నా చేతికి సరిపోయేది ఇద్దరం కలిసి చూద్దాం అనండి చాలు. రేంజ్ నుంచి రాగానే సీసం దుమ్ము పోయేలా సబ్బుతో, చల్లటి నీళ్లతో చేతులు కడుక్కున్నాకే బాబు దగ్గరికి వెళ్లండి, ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

చివరిగా దసరా పూజ గురించి. ముందు నాకు కంగారు పుట్టించిన విషయం అడుగుతాను, ఆ రోజు దేవుడి గూట్లో అది ఎంతసేపు ఉంది, అందులో తూటాలున్నాయా, బాబు ఎక్కడున్నాడు? టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి పేలడానికి సిద్ధంగా ఉన్న గన్ అందేలా అజాగ్రత్తగా వదిలేస్తే అది పెద్దవాళ్ల మీద కేసు. వచ్చే దసరాకి ఏ గన్ ఉన్నా సరే, ఖాళీ చేసి, పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ పెట్టెకి బొట్టు పెట్టండి. కుంకుమ, పసుపు నీళ్లు సిలిండర్ సందుల్లోకి దిగితే పేస్టులా గట్టిపడి తిరగదు కూడా, ఇప్పటికే పెట్టి ఉంటే పాత టూత్ బ్రష్, కాస్త గన్ ఆయిల్ పెట్టి తుడిచెయ్యండి.

పూజ చేసిన వస్తువు అమ్మొచ్చా అంటే, మీ కారుకి ఏటా దసరాకి నిమ్మకాయలు తొక్కించి దండ వేస్తారు కదా, పోయినసారి పాత కారు డీలర్‌కి ఇచ్చి కొత్తది తెచ్చుకున్నప్పుడు ఎవర్నైనా అడిగారా?